మందు రివాల్వర్‌ను నింపడం, కాల్చడం, అన్నింటికంటే ముఖ్యంగా కడగడం ఎలా

పలమనేరు దగ్గరి మా ఊళ్లో మా తాతగారికి పంటకాపు లైసెన్సు మీద ఒక మందు తుపాకి ఉండేది. వేరుశెనగ చేలో అడవిపందులు పడకుండా కాపు కాసే రాత్రుల్లో ఆయన దాన్ని పేల్చింది తక్కువ, మరునాడు పొద్దున పెరట్లో కూర్చుని కడిగింది ఎక్కువ. ఇత్తడి చెంబుతో వేడినీళ్లు గొట్టంలో పోస్తే మొదటిసారి సిరాలాంటి నలుపు, రెండోసారి బూడిదరంగు, మూడోసారికి తేట నీళ్లు వచ్చేవి. ఉద్యోగం ముగించి తిరుపతిలో స్థిరపడిన తరువాత, టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లి కొన్ని నెలలున్నప్పుడు, వాడు కొనుక్కున్న, తూటా కాక మందూ గుండూ విడివిడిగా నింపి పేల్చే పాతకాలపు నమూనా రివాల్వర్‌ను శుభ్రం చేస్తుంటే వచ్చిన కుళ్లిన కోడిగుడ్డు వాసన నన్ను నేరుగా ఆ పెరట్లోకి తీసుకుపోయింది. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడి, ఈ సరదాలోకి దిగిన పిల్లలు అడిగిన ప్రశ్నలకు జవాబుగా ఈ పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. బ్లాక్ పౌడర్‌ను తెలుగులో నల్లమందు అంటే అభిని అని పొరబడతారు కనుక నేను ఇక్కడ తుపాకి మందు అనే అంటాను. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఈ మందును ఇంట్లో తయారు చేసే ఆలోచన కలలో కూడా పెట్టుకోవద్దు. అంగడిలో డబ్బా మీద రకం రాసి అమ్మే మందునే కొనండి.

చట్టం సంగతి

అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ 1898లోను, అంతకు ముందును తయారైన పెర్కషన్ క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న రేకు టోపీ) తుపాకులను, నేటి తూటాలను వాడని వాటి ప్రతిరూపాలను పురాతన ఆయుధాలుగా లెక్కించి, మామూలు తుపాకుల నిర్వచనం నుంచి తప్పించింది. అయితే అది ఫెడరల్ చట్టం మాత్రమే. రాష్ట్రాల చట్టాలు ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటాయి కనుక, ముఖ్యంగా వీసా మీద ఉన్నవారు, మీ రాష్ట్రంలో నియమం ఏమిటో కొనక ముందే తెలుసుకోవాలి, కొన్న తరువాత కాదు.

మన దేశంలో ఈ మినహాయింపు లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం, పేలే స్థితిలో ఉన్న మందు రివాల్వర్ కూడా లైసెన్సు కావలసిన ఆయుధమే. పంటకాపు కోసం రైతుకు ఇచ్చే లైసెన్సు మూతి వైపు నుంచి మందు నింపే తుపాకికి సంబంధించినది, దాన్ని చూపించి రివాల్వర్ పెట్టుకోవడం కుదరదు. సెలవులకు వచ్చేటప్పుడు ఊళ్లో వాళ్లకు చూపిద్దామని దాన్ని పెట్టెలో సర్దుకుని రేణిగుంటలో దిగుదామనుకునే వారికి నా సలహా ఒక్కటే: ఫోటో తీసుకుని రండి. అమెరికాలో సైతం తుపాకి మందును, క్యాపులను విమానంలో చేతిసంచిలో గాని లగేజీలో గాని అనుమతించరు.

ఏ నమూనా, ఏ సామాను

ప్రతిరూపాల్లో ఎక్కువ భాగం ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో, ఉబెర్టి, పియెట్టా వంటి సంస్థల్లో తయారవుతాయి. కొత్తవారి ముందుకు సాధారణంగా రెండు కుటుంబాలు వస్తాయి. ఒకటి సామ్యూల్ కోల్ట్ సంస్థ 1851 నేవీ, 1860 ఆర్మీ నమూనాలు, వీటికి, మందు నింపే చాంబర్లనే గదులుండి తిరిగే సిలిండర్ పైన కమ్మీ ఉండదు, గొట్టాన్ని అడ్డంగా దిగే ఒక చిన్న ఉక్కు చీల పట్టి ఉంచుతుంది. రెండవది రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ. దాని మీద 1858 నాటి పేటెంటు తేదీ ఉండటం వల్ల అందరూ దాన్ని 1858 రెమింగ్టన్ అంటారు. దీనికి సిలిండర్ పైన గట్టి కమ్మీ ఉంటుంది, గుండును లోపలికి నొక్కే లివర్ దించి, సిలిండర్ తిరిగే ఇరుసు లాగితే సిలిండర్ చేతిలోకి వస్తుంది. అందంలో కోల్ట్‌కు సాటి లేదని మా అబ్బాయి వాదిస్తాడు. కడిగేవాడి వైపు నుంచి చూసే నేను మాత్రం మొదటి తుపాకిగా రెమింగ్టన్‌నే సూచిస్తాను. ఇత్తడి ఫ్రేము ఉన్నవి చవకగా దొరుకుతాయి గాని, నిండు మోతాదులు పడితే ఆ ఫ్రేము కాలక్రమంలో సాగుతుంది. ఉక్కు ఫ్రేమునే కొనండి.

తుపాకితో పాటు మూడు ఎఫ్‌ల రకం (డబ్బా మీద FFFg అని ఉండే, సన్నటి పలుకుల) మందు, మెత్తటి స్వచ్ఛమైన సీసపు గుండ్లు, తగిన క్యాపులు, మందు కొలిచే ఇత్తడి కొలత, క్యాపు కూర్చునే బోలు మొనను, అంటే నిపుల్‌ను, విప్పే రెంచి, స్క్రూలకు సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్లు, గొట్టం బ్రష్షు, నూలు గుడ్డ ముక్కలు కావాలి. గొట్టం వెడల్పును బట్టి .44 అనే రకానికి ఎక్కువగా .451 లేదా .454 అంగుళాల గుండు, .36 రకానికి .375 గుండు వాడతారు. క్యాపులు 10 లేదా 11 నంబరువి. మీ తుపాకితో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే ప్రమాణం.

ఇక్కడ మన వాళ్లు తరచుగా తడబడే కొలత ఒకటుంది. మందును గ్రెయిన్లలో కొలుస్తారు, గ్రాముల్లో కాదు. ఒక గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. ఉక్కు ఫ్రేము .44కు సాధారణంగా వాడే 25 గ్రెయిన్లు అంటే గ్రామున్నర కంటే కొంచెం ఎక్కువ, అంతే. అసలు మందుకు బదులుగా వాడే పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ వంటి వాటిని తూకంతో కాక, అసలు మందుకు వాడే అదే ఇత్తడి కొలతతోనే కొలుస్తారు. ట్రిపుల్ సెవెన్‌కు బలం ఎక్కువ కనుక మోతాదు తగ్గించాలి. నేటి తూటాల్లో వాడే పొగరాని మందును మాత్రం ఈ తుపాకిలో ఒక్క పలుకు కూడా వేయకూడదు. అది పుట్టించే ఒత్తిడికి సిలిండర్ పగిలి, పట్టుకున్న చేయి పోతుంది.

నింపడం

రేంజికి, అంటే కాల్పుల మైదానానికి, చేరగానే మొదట తుపాకి ఖాళీగా ఉందని కంటితో చూసి నిర్ధారించుకోండి. ట్రిగ్గర్ నొక్కితే వచ్చి క్యాపును కొట్టే హామర్‌ను సగం ఎత్తితే సిలిండర్ స్వేచ్ఛగా తిరుగుతుంది. మా తాతగారు ఈ హామర్‌ను గుర్రం అనేవారు, ఆ మాట ఇప్పుడు వినపడటం లేదు. నిల్వ కోసం రాసిన నూనె చాంబర్లలో మిగిలి ఉంటే మందు తడిసి పేలదు. అందుచేత ప్రతి చాంబర్‌ను పొడిగుడ్డతో తుడిచి, మందు గాని గుండు గాని లేకుండా ఒక్కో నిపుల్ మీద ఒక్కో క్యాపు పెట్టి, మూతిని నేల మీది గడ్డిపరకకు దగ్గరగా చూపి పేల్చండి. గడ్డిపరక కదిలితే దారి తెరుచుకున్నట్టు. కదలకపోతే ఆ నిపుల్‌లో నూనె గాని మసి గాని ఉన్నట్టు.

ఇప్పుడు మూతి పైకి ఉండేలా నిలబెట్టి, మందు డబ్బా నుంచి కొలతలోకి, కొలత నుంచి చాంబర్‌లోకి పోయండి. డబ్బా నుంచి నేరుగా చాంబర్‌లోకి ఎప్పుడూ పోయవద్దు. క్రితం పేలుడు తాలూకు నిప్పురవ్వ ఒక్కటి లోపల మిగిలి ఉన్నా, కొలతలోని చిటికెడు మందు భగ్గుమని ఆగుతుంది, కాని డబ్బా అంటుకుంటే ఆగేది కాదు. డబ్బాకు మూత పెట్టి, దూరంగా పెట్టిన తరువాతే తరువాతి పని మొదలుపెట్టండి.

మందు మీద మైనం, నూనె పట్టించిన ఉన్ని బిళ్ల పెట్టవచ్చు. మోతాదు తక్కువగా ఉండి గుండు చాంబర్‌లో మరీ లోతుకు దిగిపోతుంటే, ఆ ఖాళీని నింపడానికి అక్కడి వారు మొక్కజొన్న పిండో, గోధుమ రవ్వో వేస్తారు. మా కోడలు ఉప్మా కోసం తెచ్చుకున్న రవ్వ డబ్బా ఒకటి ఆ విధంగా రేంజి సంచిలోకి చేరి, తిరిగి వంటింటి ముఖం చూడలేదు. ఆ తరువాత గుండును చాంబర్ మూతి మీద పెట్టి, సిలిండర్‌ను తిప్పి, లివర్ కిందికి తెచ్చి, ఆగకుండా ఒకే ఒత్తిడితో లోపలికి నొక్కండి. గుండు చాంబర్ కంటే వెంట్రుకవాసి పెద్దది కనుక, దిగేటప్పుడు దాని అంచు నుంచి చేతిగాజులాంటి సన్నటి సీసపు చుట్టు తెగి బయట పడాలి. అది పడితేనే చాంబర్ బిగుతుగా మూసుకున్నట్టు. పడకపోతే గుండు చిన్నదైందని అర్థం, పెద్దది తెచ్చుకోవాలి. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉండకూడదు, గుండు చాంబర్ అంచు కంటే పైకి పొడుచుకుని ఉండకూడదు. ఉన్ని బిళ్ల పెట్టని పక్షంలో గుండు మీద మైనం కలిపిన కొవ్వు రాయండి. తేనెమైనం, కొబ్బరినూనె కలిపి సన్నటి వేడి మీద కరిగించి నేను చేసిన మిశ్రమం అక్కడి వేసవిలో జారిపోయింది, మైనం పాలు పెంచిన తరువాత నిలిచింది.

ఆరు చాంబర్లున్నా ఐదే నింపి, హామర్‌ను ఖాళీ చాంబర్ మీద దించే అలవాటు చేసుకోండి. క్యాపులు పెట్టడం అన్నిటికంటే చివరి పని. అది కూడా కాల్చే వరుసలో నిలబడి, మూతి గురి వైపు ఉన్నప్పుడే చేయాలి. క్యాపు వదులుగా ఉంటే దాన్ని రెండు వేళ్లతో కొంచెం నొక్కి కోలగా చేసి, చెక్కపుల్లతో నిపుల్ మీద అదమండి. ఇనుప వస్తువుతో అదమవద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే, గుండు వదులైనా, క్యాపు వదులైనా, ఒక చాంబర్ మంట పక్క చాంబర్లకు పాకి రెండు మూడు ఒకేసారి పేలవచ్చు. దీన్ని చెయిన్‌ఫైర్ అంటారు. అందుకే కాల్చేటప్పుడు రెండవ చేతిని ఎప్పుడూ సిలిండర్ ముందుకు పోనివ్వకూడదు.

కాల్చడం

కళ్లద్దాలు, చెవులకు రక్షణ లేకుండా వరుసలో నిలబడవద్దు. సింథటిక్ బట్టల మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది కనుక నూలు చొక్కా మేలు. తుపాకి వెనక్కి తన్నే దెబ్బ మెత్తగా, నెట్టినట్టు ఉంటుంది, తెల్లటి పొగ మాత్రం దీపావళి రాత్రి వీధిని తలపించేంత లేస్తుంది. కోల్ట్ నమూనాలో వెనక గురి హామర్ మీద చెక్కిన చిన్న గాడి మాత్రమే, అందులోనూ ఈ తుపాకులు 75 అడుగుల దూరంలో గురి కంటే పైకి కొడతాయి. కొంచెం కిందికి గురిపెట్టి మొదలుపెట్టండి, తుపాకి చెడిపోయిందని అనుకోవద్దు.

పేలిన క్యాపు చీలి, దాని రేకు హామర్ కిందికి జారి ఇరుక్కోవడం కోల్ట్‌లో తరచుగా జరిగేదే. మూతిని గురి వైపే ఉంచి, హామర్ ఎత్తేటప్పుడు తుపాకిని కుడి పక్కకు వంచితే చాలా సార్లు ఆ రేకు తనంతట తానే రాలిపోతుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతిని కదిలించకుండా నిండు నిమిషం ఆగండి, మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. ఆ తరువాత కొత్త క్యాపు పెట్టి ప్రయత్నించండి. పేలని చాంబర్‌ను గుర్తుపెట్టుకోకుండా తుపాకిని ఇంటికి తెచ్చే పొరపాటు మాత్రం చేయవద్దు. రెండు మూడు సార్లు సిలిండర్ నింపి కాల్చేసరికి ఇరుసు మీద మసి పట్టి తిరగడం బరువవుతుంది. రెమింగ్టన్‌లో ఇరుసు సన్నం కనుక ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఇరుసుకు కొంచెం కొవ్వు రాస్తే మళ్లీ దారిలోకి వస్తుంది.

కడగడం

నేటి తూటా మందు కాలి దాదాపు అంతా వాయువుగా పోతుంది, తుపాకి మందు అలా కాదు. సగానికి పైగా ఘనపదార్థంగా, పొటాషియం లవణాలుగా లోపలే మిగిలిపోతుంది. ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తింటాయి. మొదటి నెలలో ఒకసారి, సాయంత్రం ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉందని, తుపాకిని గుడ్డలో చుట్టి మరునాటికి వాయిదా వేశాం. మరునాడు మధ్యాహ్నానికి చాంబర్ల లోపల గోరింటాకు పండినట్టు ఎర్రటి మచ్చలు. రెండు గంటలు రుద్దినా వాటి గుంటలు నేటికీ ఉన్నాయి. కాల్చిన రోజే కడగాలి, కాదనడానికి కారణం ఏదీ చాలదు.

వంటింటి సింకు జోలికి పోవద్దు, ఇందులో సీసం ఉంటుంది. దీనికంటూ ఒక బకెట్టు విడిగా పెట్టుకోండి. మందు, క్యాపులు ఆ గదిలోనే లేకుండా చూసి, అన్ని చాంబర్లూ పేలినవేనని మరోసారి నిర్ధారించుకున్న తరువాత, రెమింగ్టన్ అయితే ఇరుసు లాగి సిలిండర్ తీయండి, కోల్ట్ అయితే చెక్క సుత్తితో మెల్లగా తట్టి చీల కదిలించి గొట్టాన్ని, సిలిండర్‌ను విడదీయండి. పిడి చెక్కలను విప్పి పక్కన పెట్టండి, నీళ్లు తగిలితే చెక్క ఉబ్బుతుంది. రెంచితో నిపుల్స్ అన్నీ విప్పి ఒక గిన్నెలో వేయండి.

చేయి పట్టగలిగినంత వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కొన్ని చుక్కలు వేసి, భాగాలన్నీ కాసేపు నాననివ్వండి. మరిగే నీళ్లు వాడితే ఇనుము వెంటనే ఆరి, ఆరుతూనే పలుచటి తుప్పు పడుతుంది. ఆ మరక నేనూ చూశాను. గొట్టంలోను, ప్రతి చాంబర్‌లోను బ్రష్షును పది సార్లు అటూ ఇటూ నడపండి. చాంబర్ అడుగున నిపుల్ మర దగ్గర మసి గడ్డకట్టి దాగి ఉంటుంది, అక్కడికి పాత పళ్ల బ్రష్షు, పైపులు తుడిచే తీగ పోతాయి. నిపుల్ రంధ్రంలోకి సన్న తీగ దూర్చి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, సూదిమొన అంత వెలుగు గుండ్రంగా కనపడాలి. హామర్ గాడిని, దాని కింద క్యాపు రేకులు పడే సందును మరచిపోవద్దు. సబ్బునీళ్ల తరువాత రెండుసార్లు మంచి వేడినీళ్లతో కడగండి. తెల్ల గుడ్డముక్క గొట్టంలో దూర్చి తీస్తే తెల్లగానే రావాలి. ఇవ్వాళ్టికి ఇది చాలులే అని మనసు చెప్పే ముక్క సాధారణంగా లేత బూడిదరంగులో ఉంటుంది, దాని మాట వినవద్దు.

తుడిచిన తరువాత జుట్టు ఆరబెట్టే యంత్రంతో, ముట్టుకుంటే వెచ్చగా తగిలేవరకు, ప్రతి భాగాన్నీ ఆరబెట్టండి. మా తాతగారు మధ్యాహ్నపు ఎండలో నులకమంచం మీద పరిచేవారు, ఫలితం ఒక్కటే. వెచ్చదనం ఉండగానే నూనె పట్టించాలి.

ఏ నూనె అన్నది ఈ పని మొత్తంలో ఎక్కువ మంది తప్పుచేసే చోటు. చాలామంది నేటి తుపాకులకు వాడే పెట్రోలియం నూనెను చాంబర్లలో, గొట్టంలో ధారాళంగా పోస్తారు. ఆ నూనె మిగిలి ఉండగా మందు కాలితే రెండూ కలిసి తారులాంటి జిగురుగా మారి, వేడినీళ్లకు కూడా లొంగదు. కాల్చే రోజున లోపలి భాగాలకు తగిలేది మొక్కల నూనో, జంతువుల కొవ్వో, తేనెమైనమో అయి ఉండాలి. కొబ్బరినూనె బాగానే పనిచేస్తుంది, చలికి గడ్డకడుతుంది గాని పాడుకాదు. మా తాతగారు గానుగ నువ్వులనూనె రాసేవారు, అయితే ఆయన తుపాకి వారానికోసారి చేతిలోకి వచ్చేది. నెలల తరబడి పెట్టెలో ఉండే తుపాకికి నువ్వులనూనె రాస్తే గాలికి బంకలా గట్టిపడుతుంది. అందుచేత దీర్ఘకాలం నిల్వకు పలుచగా ఖనిజ నూనె రాసి, కాల్చే ముందు పూర్తిగా తుడిచేయడం ఒక పద్ధతి, నేను ఇప్పుడు దాన్నే పాటిస్తున్నాను. నిపుల్ మరలకు కొంచెం గ్రీజు తప్పనిసరి. అది లేకుండా బిగిస్తే రెండోసారికి అవి కదలవు, రెంచి జారి మూలలు అరిగిపోతాయి.

హామర్, ట్రిగ్గర్ ఉండే లోపలి యంత్రాంగాన్ని ప్రతిసారీ విప్పనవసరం లేదు, మూడు నాలుగు సార్లు కాల్చాక ఒకసారి విప్పితే చాలు. ముందుగా పెద్ద స్ప్రింగు ఒత్తిడిని వదిలించండి. స్క్రూ గాడికి సరిగ్గా సరిపోని స్క్రూడ్రైవర్ వాడితే తల చెదిరి, తుపాకి చూడగానే మీ తొందర బయటపడుతుంది. సిలిండర్‌ను తిప్పే చేయికీ, ఆపే గొళ్లేనికీ ఉండే సన్నటి పలక స్ప్రింగులే ఈ తుపాకుల్లో ముందుగా విరిగేవి. ఒక జత అదనంగా తెప్పించి ఉంచుకోండి. క్యాపు లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కుతూ ఆడుకుంటే నిపుల్ అంచులు చదునై, ఆ పైన క్యాపులు సరిగా కూర్చోవు. పిల్లల చేతికి ఇవ్వకపోవడానికి ఇదొక చిన్న కారణం, పెద్ద కారణం చెప్పనక్కరలేదు.

పని ముగించాక, ఏదైనా నోట్లో పెట్టుకునే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. తుపాకిని తోలు సంచిలో దాచవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. మందును కొన్న డబ్బాలోనే, క్యాపులకు దూరంగా, తాళం వేసిన చోట పెట్టండి. మూడో రోజున తుపాకిని మళ్లీ బయటికి తీసి, గొట్టంలోను ఐదారు చాంబర్లలోను తెల్లగుడ్డ దూర్చి చూడండి. గుడ్డ మీద నారింజ రంగు కనపడితే ఎక్కడో తడి మిగిలిపోయిందని అర్థం, మళ్లీ నూనె గుడ్డతో తుడిచి ఇంకో మూడు రోజులకు చూడండి.